మనుష్యఋణము

విద్య దానముచేత వర్ధిల్లునని మన పెద్దలు చెప్పుదురు. ధనము పంచినకొలది తఱుగును. విద్య పంచినకొలది పెరుగును. ఈ మాటయందు సందేహమేమియు లేదు. కాని విద్వాంసుడు ఇచ్చువాడు మాత్రమే కాడు, పుచ్చుకొనువాడు కూడ. అతడు పల్లెకుబోయి రోగి నెత్తుటిని, బావినీటిని, పొలముమట్టిని, బడిపిల్లవాడు చెప్పిన సమాధానమును, ఇల్లాలు చెప్పిన ఇంటిసంగతులను పుచ్చుకొనివచ్చి, వానినుండి జ్ఞానమును సంపాదించుచున్నాడు. పుచ్చుకొన్నవాడు ఋణస్థుడగునుగదా! ఆ ఋణమెట్టిది? ఎవరికి తీర్పవలెను? ఎప్పుడు తీర్పవలెను? ఈ ప్రశ్నను చదువరుల యెదుట నుంచుటయే మా యుద్దేశము.

దేవఋణము, ఋషిఋణము, పితృఋణము నని మూడు ఋణములను మనము చిన్ననాటినుండి వినుచున్నాము. శతపథబ్రాహ్మణము మనుష్యఋణమను నాల్గవదానిని గూడ చెప్పుచున్నది. మొదటి మూటిని గూర్చి పురాణములు వినిపించువారు పెక్కుమంది గలరు. నాల్గవది మాత్రము మన సంభాషణలలో నంతగా వినబడదు. నేటి పరిశోధకుని ఋణము ఈ నాల్గవ తెగకు చెందినదని మాకు తోచుచున్నది.

ఊరక తర్కించుటకంటె నొక ఉదాహరణము మేలు. శ్రీకాకుళము జిల్లా యుత్తరపుకొనయందు, మహేంద్రగిరికిని సముద్రమునకును నడుమ, ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలో వ్యాపించియున్న సీమను ఉద్దానమందురు. ఉద్యానమను శబ్దమే వాడుకలో ఉద్దానమైనదని చెప్పుదురు. ఆ పేరు తగినదే. కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్ల నీడలో ఇండ్లు దాగియుండును. రైలుబండి కిటికీనుండి చూచువానికి ఇంతకంటె చల్లని చోటు వేఱొకటి యుండునా యనిపించును. ఆ నీడలోనే గత శతాబ్దపు చివరి దశాబ్దమునుండి యొక రోగము వైద్యుల కంటబడినది. మధుమేహములేదు, రక్తపుపోటులేదు, మూత్రపిండములను చెఱచు తక్కిన హేతువులేవియు కానరావు. అయినను పొలము పనిచేసి దృఢకాయుడై యుండిన మనుష్యుని మూత్రపిండములు మెల్లమెల్లగా క్షీణించుచుండును. నొప్పి యుండదు. చాలభాగము చెడినతరువాతగాని రోగికి తెలియదు. తెలియునప్పటికి వారమునకు రెండు మూడు మాఱులు డయాలిసిస్ యంత్రమునొద్ద పండుకొనవలసిన దశ వచ్చియుండును.

ఈ విపత్తు ఉద్దానమునకు మాత్రమే కలిగినది కాదు. మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగువా దేశముల చెఱకుతోటల కూలీలయందును, సింహళద్వీపపు ఉత్తరమధ్యభాగమున వరిపండించు రైతులయందును ఇట్టి రోగమే కనబడినది. కాబట్టి ప్రపంచపు విద్వాంసుల దృష్టి యీ కొబ్బరితోటలమీద పడినది. 2016వ సంవత్సరమున నొక అమెరికా వైద్యపత్రికలో ఈ రోగమును గూర్చిన వ్యాసము వెలువడి, మఱింత పరిశోధన కావలెనని ప్రార్థించినది. ఆరోగ్య విశ్వవిద్యాలయమునకు ఉపకులపతిగానుండిన డాక్టరు టి. రవిరాజుగారును వారి సహచరులును చేసిన పరిశీలన 2019లోను, జార్జి ఇన్‌స్టిట్యూటువారు చేసిన మఱియొక పరిశీలన 2020లోను ప్రకటింపబడినవి. ఒక్కొక్కదానిలో రెండువేలకు పైబడిన వయోజనులను పరీక్షించిరి. ఇంచుమించుగా ఐదుగురిలో నొకరికి మూత్రపిండముల వ్యాధి గలదని రెండును తేల్చినవి. హేతువును గూర్చి యనేకులు అనేకవిధముల నూహించిరి. నీటిలోని సిలికా యనిరి, పురుగుమందులనిరి, భారలోహములనిరి, ఎండలో పనిచేసి చాలినంత నీరు త్రాగకుండుటయనిరి, నొప్పిమాత్రలను విచ్చలవిడిగా మ్రింగుటయనిరి, వంశముననే యేదో లోపము గలదనిరి. ఇది యొక్కటే కారణమని నిశ్చయముగా చెప్పగలిగినవారు లేరు.

కొంతకాలము క్రిందట మేము కంచిలి ప్రాంతమున నొక పల్లెలో, జీడిపిక్కలు వలుచుచున్న యొక వృద్ధురాలితో మాటలాడితిమి. ఆమె భర్త యీ రోగముచేతనే పోయెను. పరిశోధకులు మీ యింటికి వచ్చియుండిరా యని యడిగితిమి. ఆమె చేతిపని మానకయే యిట్లనెను: "రాకేటి బాబూ! నాలుగుసార్లొచ్చినారు. నెత్తురు తీసినారు, నుయ్యినీరు సీసాల్లో పట్టుకెళ్ళినారు, బియ్యం కూడా పట్టుకెళ్ళినారు. ఏటి తెలిసిందో ఒక్కలూ తిరిగొచ్చి సెప్పనేదు." ఇంకను తెలియలేదేమో యని మేము సమాధానము చెప్పబోయితిమి. ఆమె తలయెత్తి, "తెలీనేదని సెప్పినా సాలును గదా!" యనెను.

ఈ మాటకు మాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. ఆమె యడిగినది మందు కాదు, ధనము కాదు; హేతువును వెంటనే కనిపెట్టుడనియు ఆమె నిర్బంధింపలేదు. తాను ఇచ్చినది ఏమయ్యెనో తెలిసికొనగోరినది. పొరుగింటికి చేబదులిచ్చిన చేటను గూర్చి యడుగు హక్కు ఆమెకు గలదుగదా! తన నెత్తుటిని గూర్చి యడుగు హక్కు లేకుండునా?

దీనిమీద నొక యాక్షేపణ చేయవచ్చును. పరిశోధకుడు సత్యమునకు సేవకుడు. ఒక పల్లెకు సేవకుడు కాడు. అతడు కనుగొన్న సత్యము లోకమునకంతకు నుపకరించును. ఆ లోకములో నీ పల్లెయు నున్నది. ఇంకను వేఱుగా ఋణమేమి? అని కొందఱందురు. ఈ వాదములో కొంత నిజము గలదు. మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. వారి సోదరుడు స్ప్రూ యను రోగముచేత మరణించెను. వారును దానిచేత పీడింపబడిరి. 1945లో అమెరికాలో వారి ప్రయోగశాలలో ఫోలికామ్లము సిద్ధమైనప్పుడు, అది యా రోగులకు మాత్రమేకాక ప్రపంచమందలి గర్భవతులకందఱకును ఉపకరించినది. జ్ఞానమునకు ఎల్లలు లేవనుట సత్యమే. కాని యొక మాట యోచింపుడు. ఫలము లోకమునకంతకు చెందునని చెప్పి బీజమిచ్చినవానిని మఱచుట న్యాయమగునా? వ్యాసము ఆంగ్లభాషలో వెలువడును. విద్వాంసునకు పదవియు కీర్తియు కలుగును. పల్లెవానికి సూదిగ్రుచ్చిన మచ్చ మిగులును. లోకమను పేర అందఱికిని ఋణపడితిననువాడు తఱచుగా ఎవ్వరికిని తీర్పడు.

రెండవ యాక్షేపణ ఇంతకంటె బలమైనది. సగము తెలిసిన సంగతిని చెప్పినచో జనులు భయపడుదురు, ఔషధము చూపక రోగమును మాత్రము చెప్పుట క్రౌర్యము అని వైద్యులలో దయాళువులే యనుచుందురు. ఈ భయము నిర్హేతుకము కాదు. ఉద్దానమునకు పిల్లనిచ్చుటకును, అచ్చటి పిల్లను చేసికొనుటకును వెనుకాడువారు గలరని యా ప్రాంతమువారు చాలకాలమునుండి మొఱపెట్టుకొనుచున్నారు. రోగమునకు ఊరిపేరు పెట్టుటచేత ఈ కీడు హెచ్చినది. 2015లో ప్రపంచ ఆరోగ్యసంస్థవారు క్రొత్త రోగములకు స్థలముల పేళ్లు పెట్టవలదని హితము చెప్పిరి. అయినను ఆ మఱుసటి యేటి వ్యాసమందే ఉద్దానము పేరు రోగమునకు తగిలించబడినది. ఉద్యానమను అర్థముగల పేరు వ్యాధికి పర్యాయమగుట యెంత శోచనీయము!

అయితే దీనికి ప్రతిక్రియ మౌనము కాదు. ఇందు రెండు సంగతులను వేఱుపఱుపవలెను. ఒకని నెత్తుటిలో కనబడినది ఆ యొకనికే, ఏకాంతమున, వాని భాషలో చెప్పవలెను. రోగము తొలిదశలో తెలిసినవాడు నొప్పిమాత్రలను విడువగలడు, రక్తపుపోటును అదుపులో నుంచుకొనగలడు, ఇంటివ్యవహారమును సవరించుకొనగలడు. చెప్పక దాచుట దయవలె కనబడును గాని, నిజమున వాని సంసారమును వాని చేతినుండి లాగుకొనుటయే. ఇక ఊరినంతటిని గూర్చి తేలినది ఊరివారందఱికిని, పేరు పెట్టకుండ, సభలో చెప్పవలెను. తెలిసినదింత, తెలియనిదింత యని విడదీసి చెప్పవలెను. తెలియనిదానిని దాచిన చోట వదంతి పుట్టును. వైద్యుడు విడిచిన ఖాళీని నాటుమందుల వర్తకుడు నింపును.

అనుమతియను మాటయు నిచ్చట విచారింపదగినది. 2009లో ఖమ్మము జిల్లాలో వేలకొలది బాలికలకు గర్భాశయముఖ క్యాన్సరు నివారణకై టీకాలు వేసి పరిశీలించిరి. ఆ టీకా మంచిదే. అనేక దేశములు దానిని వాడుచున్నవి. కాని గిరిజన బాలికల వసతిగృహములలో తల్లిదండ్రులకు మాఱుగా వార్డెనులే సంతకములు చేసిరని బయలుపడి, 2010లో ఆ కార్యము నిలిపివేయబడినది. 2013లో పార్లమెంటు స్థాయిసంఘము దానిని తీవ్రముగా నిందించినది. మంచి వస్తువును సయితము అడుగక ఇచ్చినచో జనుల నమ్మకము చెడును. ఆ నష్టము ఒక్క పరిశీలనతో పోవునది కాదు. తరువాత వచ్చు ప్రతి వైద్యుడును దానికి వడ్డి కట్టవలసియుండును.

ఇక హేతువు తేలువఱకు ఊరకుండవలెనా యను ప్రశ్న మిగిలియున్నది. 1854లో లండనునగరమున విషూచి ప్రబలినప్పుడు, జాన్ స్నో యను వైద్యుడు మృతుల యిండ్లను లెక్కించి, బ్రాడువీథిలోని యొక నీటిపంపు దీనికి మూలమని యనుమానించి, ఆ పంపుపిడిని తీయించెను. ఆ రోగక్రిమిని జర్మనుపండితుడు కాక్ చూపుటకు దాదాపు ముప్పదియేండ్లు పట్టినది. ఆ ముప్పదియేండ్లును పిడిని అట్లే యుంచవలసినదని ఎవరందురు?

దీనికి విపరీతమైన కథ మన దేశమందే జరిగినది. 1937లో నాటి నెల్లూరు జిల్లాలో ఎముకలు బిగిసి నడుములు వంగిపోయిన జనులను వైద్యులు పరీక్షించి, త్రాగునీటిలోని ఫ్లోరైడు దీనికి హేతువని ప్రకటించిరి. హేతువు నిశ్చయముగా తెలిసినది. అయినను నల్లగొండ, ప్రకాశము జిల్లాల పల్లెలలో తరముల తరబడి బిడ్డలు ఆ నీటినే త్రాగి కుంటివారైరి. నల్లగొండపేరనే పటికతోను సున్నముతోను నీటిని శుద్ధిచేయు పద్ధతియు కనిపెట్టబడినది. తెలంగాణమున ఇంటింటికి నదీజలములను తెచ్చు మిషన్ భగీరథ 2016లో గాని ప్రారంభము కాలేదు. దీనిచేత మనము తెలిసికొనవలసినదేమి? జ్ఞానము వేఱు, కర్తవ్యము వేఱు. జ్ఞానము పూర్ణమైనంతమాత్రమున కర్తవ్యము తనంతట జరుగదు. అది యపూర్ణముగా నున్నదని కర్తవ్యము ఆగవలసిన పనియు లేదు.

ఉద్దానమునందు ఈ సూత్రము కొంతవఱకు ఆచరణకు వచ్చినది. హేతువు తేలకపూర్వమే వంశధార నీటిని హిరమండలము జలాశయమునుండి కొట్టములద్వారా తెచ్చుటకు ఇంచుమించుగా 700 కోట్ల రూపాయల పథకము చేపట్టబడి, పలాసలో 200 పడకల మూత్రపిండవ్యాధుల ఆసుపత్రియు పరిశోధనకేంద్రమును నిర్మింపబడి, 2023 డిసెంబరు 14వ తేదీన రెండును ప్రారంభింపబడినవి. నీరు ఈ రోగమునకు కారణమని రుజువు కాలేదుగదా, ఇంత ధనమేల యని కొందఱడుగవచ్చును. రేపు నీరు నిర్దోషియని తేలినను, మంచినీరు త్రాగుటవలన చెడిపోయినవాడు లేడు. చేయబోవు పనివలన కీడు లేనప్పుడు కొద్దిపాటి ప్రమాణమే చాలును. కీడు కలుగునప్పుడు బలమైన ప్రమాణము కావలెను. ఒక వంశమునకో, ఒక కులమునకో, ఒక యూరికో దోషము కట్టుటకు పూనినవానిని మాత్రము నూఱు సాక్ష్యములడుగుదము.

ఇంతవఱకు విద్వాంసుల ఋణమును, ప్రభుత్వపు ఋణమును చెప్పితిమి. ఇతరుల యప్పులను లెక్కించుట సులభము. మన యిండ్ల సంగతియేమి? మనము తిను జీడిపప్పు పలాసనుండి వచ్చును. మన పూజలో కొట్టు కొబ్బరికాయ ఉద్దానపు చెట్టుది కావచ్చును. మనలో కొందఱకు తోటలే గలవు. నికరాగువాలో చెఱకుకూలీలకు వేళకు నీరును, విశ్రాంతిని, నీడను కల్పించి పరిశీలింపగా, మూత్రపిండములకు కలుగు హాని తగ్గినట్లు కనబడినది. ఉద్దానపు రోగమునకు ఎండయే కారణమని మేము చెప్పుటలేదు. కాని మిట్టమధ్యాహ్నమున కూలివానిని రెండుగంటలు నీడను కూర్చుండబెట్టుటకును, వానికొక కుండెడు మంచినీళ్లు పెట్టించుటకును ఏ పరిశోధనఫలితము రావలెనని కాచుకొనియున్నాము? ఆ రెండుగంటల కూలి కోయకుండుటకు ఏ శాస్త్రము అడ్డువచ్చుచున్నది?

చదువుకొన్నవారు చేయదగిన పని మఱియొకటి గలదు. ఆంగ్లపత్రికలలో నడగియున్న సంగతులను తెలుగునను, సరిహద్దుపల్లెలకొఱకు ఒడ్రభాషయందును చెప్పగల ఉపాధ్యాయులు, వైద్యవిద్యార్థులు ఆ ప్రాంతముననే గలరు. వారిని పిలిచి, బడిలోనో రచ్చచావడిలోనో చదివి వినిపింపుడని కోరుటకు ధనమక్కఱలేదు. క్రియాటినిన్ అనగానేమో, అది యెంత యుండవలెనో రోగియింటివారు సుస్పష్టముగా గ్రహింపగలరు. పల్లెవారికి తెలియదని మనమనుకొనుట మన బద్ధకమునకు పెట్టుకొన్న మంచిపేరు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటలను నేలగూల్చినప్పుడు, రైతులు మరల మొక్కలు నాటిరి. కొబ్బరిచెట్టు నాటిననాడే కాయదని వారెఱుగుదురు. శాస్త్రఫలము ఆలస్యముగా వచ్చునని చెప్పినచో అర్థముచేసికొనుటకు వారికంటె తగినవారెవరు? కాని మొక్కనాటినవాడు అప్పుడప్పుడు తోటకు వచ్చి నీరు పోయవలెను. రాకున్న, తోట తనదని చెప్పుకొనుట తగదు. జీడిపిక్కలు వలుచుచున్న ఆ యవ్వ ద్వారమున కెవరైన తిరిగిపోయి, "అమ్మా, నీవిచ్చినదానిని చూచితిమి, ఇంత తెలిసినది, ఇంకను ఇంత తెలియలేదు" అని చెప్పిననాడు మనుష్యఋణములో మొదటి కాసు చెల్లినట్లగును.