అర్పణమునకు తగునా?

శరణ బంధువులారా! లింగార్పణము చేయక గ్రుక్కెడు నీరైనను ముట్టని మన యిండ్లలో నేడు ఒళ్లు తగ్గించు గుళికల సీసాలు కనబడుచున్నవి. మూలికలేకదా యని మ్రింగుచున్నారు. గుండెకు కీడు చేయునని మన దేశమున 2011లో నిషేధింపబడిన సిబుట్రమైన్ అను మందు, పైచీటీలో పేరైనను లేకుండ, అట్టి 'మూలికా' గుళికలలో పలుమార్లు పట్టుబడినది. గుళిక తొడుగో, తరచు జెలటిన్. పశువుల చర్మము, ఎముకల నుండి తీయబడునది. దానిని లింగమున కెట్లు అర్పింతుము?

మితభోజనముతో, కాయకముతో బరువు తగ్గును, నిదానముగానే, నిజమే. కండబలమునకు పొడి డబ్బాలేల? 100 గ్రాముల కందిపప్పులో 20 గ్రాములకు పైగా మాంసకృత్తులు కలవు. శాకాహారులకు బి12 విటమిను లోపము కలుగవచ్చును. వైద్యుడు పరీక్షించి చెప్పినచో అది పుచ్చుకొనుట తప్పు కాదు. తొడుగు దేనితో చేసినదో అడిగి మరీ కొనుడు.