అదే పుస్తకములోని రెండవ జంట

వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయము, మొదటి పదకొండు వచనములు.



ఈ నెల ధ్యానమునకు కారణము ఒక హత్యల పుస్తకము. ఇది విని కొందరు నొచ్చుకొందురని ఎరుగుదును. మా సంఘపు యువకుడొకడు పట్టణమునుండి దానిని తెచ్చి బడి పంతులుగారికిచ్చెను. పంతులుగారు చదివి, బుధవారపు ప్రార్థన ముగిసిన పిమ్మట గుడి అరుగుమీద ఆ కథ చెప్పగా రాత్రి పది గంటలవరకు ఎవరును ఇంటికి పోలేదు. ప్రసంగము అరగంట దాటగానే గడియారము చూచువారు సహితము కదలక కూర్చుండిరి.

పుస్తకము పేరు 'బియాండ్ బిలీఫ్'. నటుడును నాటకకర్తయునైన వేల్సు దేశీయుడు ఎమ్లిన్ విలియమ్స్ దానిని 1967లో ప్రకటించెను. ఇంగ్లాండులో మంచెస్టరు నగరమున ఒక వర్తక సంస్థలో గుమాస్తాగా నున్న ఇయన్ బ్రేడీ, 1961లో అక్కడనే టైపు పనికి చేరిన మైరా హిండ్లీ, వీరిద్దరి కథ అది. వివాహము లేకయే ఆమె అమ్మమ్మ ఇంట వారు కాపురముండిరి. 1963 జూలై మొదలు 1965 అక్టోబరు వరకు అయిదుగురు పిల్లలను చంపిరి. అందరికంటె పెద్దవానికి 17 ఏండ్లు, చిన్నదానికి 10 ఏండ్లు. నలుగురిని నగరము వెలుపల సాడిల్‌వర్త్ అను, చెట్టు చేమ లేని కొండబీడులో పాతిపెట్టిరి. 1966లో చెస్టరు న్యాయస్థానమున ముగ్గురి మరణమును గూర్చియే విచారణ జరిగెను. మిగిలిన ఇద్దరి సంగతి వారు ఇంచుమించు ఇరువది ఏండ్లకు గాని ఒప్పుకొనలేదు గనుక, గ్రంథకర్తకు సహితము పూర్తి కథ తెలియదు. తెలియని చోట్ల అతడు ఊహించి వ్రాసెను. ఇది తగదని అతని దేశములోనే తప్పుపట్టినవారున్నారు.

మా అరుగుమీద వినబడిన అభిప్రాయములు మూడు. వారు మనుష్యులే కారు, ఉరితీయవలసినదని పంతులుగారు కోపపడిరి. వారు పట్టుబడిన నెలకే, అనగా 1965 నవంబరులో, హత్యకు మరణశిక్ష విధించుటను ఆ దేశము ఆపివేసెను. అందుచేత యావజ్జీవ శిక్ష పడెను. ఆమె 2002లోను, అతడు 2017లోను విడుదల లేకయే చనిపోయిరి. ఆ స్త్రీ ఏమి చేయగలదు, మగవాడు చెడగొట్టెనని పెద్దలలో ఒకరనిరి. లాంగ్‌ఫర్డ్ ప్రభువు అను పెద్దమనిషి ఆమె మారుమనస్సు పొందినదని నమ్మి విడుదలకై ఎన్నో ఏండ్లు వాదించెను. అతని దేశస్థులలో అనేకులు ఆ మాట సహింపలేదు. ఇటువంటి పుస్తకము ఇంటనే ఉండరాదని మా సంఘములోని ఒక విధవరాలు అనెను. ఆమె మాట తేలికగా త్రోసివేయకుడి. బ్రేడీ ఇంట నాజీల పుస్తకములును, క్రూరత్వమును మెచ్చుకొను పుస్తకములును ఉండెను. వాటినే మైరాకు చదువనిచ్చెను. విచారణ చూచి వ్రాసిన పమేలా హాన్స్‌ఫర్డ్ జాన్సన్ అను రచయిత్రి, అట్టి గ్రంథములు అందరి చేతికి అందుట మేలా అని 1967లోనే అడిగి చాలమంది కోపమునకు గురియాయెను.

ఇప్పుడు వాక్యమునకు వత్తము. అననీయ పొలమమ్మి వెలలో కొంత దాచుకొనిన సంగతి మీరెరుగుదురు. భార్యకు అది తెలియును. ఇద్దరును మాట కలుపుకొనిరి. భర్త పడిపోయిన మూడు గంటలకు సప్పీరా వచ్చెను. పేతురు ఏమి చేసెనో చూడుడి. భర్త చెప్పినది నీకును చెల్లుననలేదు. ఆమెను వేరుగా అడిగెను. ఆమె నోట ఆమె మాట వినగోరెను. ఆ ప్రశ్న ఒక తలుపు. భర్త మూసిన తలుపు కాదు, ఆమె కొరకే తెరచిన తలుపు. మా పెద్దగారి అభిప్రాయమునకు ఇదే నా జవాబు. చెడగొట్టినవాడు ఉండెను, నిజమే. కాని మైరా హిండ్లీ పిల్లలను బండిలోనికి పిలిచిన ప్రతి సాయంకాలమును ఆ తలుపు తెరిచియే యుండెను.

అది తెరిచియుండెనని నాకెట్లు తెలియును? ఆ పుస్తకములో రెండవ జంట ఒకటున్నది. అరుగుమీద ఎవరును వారి మాట ఎత్తలేదు.

మైరా చెల్లెలు మోరీన్. ఆమె భర్త డేవిడ్ స్మిత్. 1965 అక్టోబరు నాటికి ఆమెకు 19 ఏండ్లు, అతనికి 17. ఆ యేడే వారి పసిబిడ్డ చనిపోయెను. బ్రేడీ ఈ కుర్రవానిని చేరదీసి, త్రాగించి, ఆ పుస్తకములే ఇచ్చెను. అతడు వాటిలోని మాటలు నోటుబుక్కులో వ్రాసికొనెను కూడ. అక్టోబరు 6వ తేదీ రాత్రి మైరా అతనిని తమ ఇంటికి పిలుచుకొని పోయెను. అతని కన్నులయెదుటనే బ్రేడీ గొడ్డలితో ఒక యువకుని చంపెను. స్మిత్ భయపడి, వారు చెప్పినట్టు నేల కడిగి, మరునాడు వత్తునని మాటయిచ్చి, తెల్లవారుజామున ఇల్లు చేరెను. చేరి వాంతి చేసికొనెను. అటుపిమ్మట భార్యకు చెప్పెను.

ప్రియులారా, ఇచ్చట ఆగుడి. అతడు చెప్పవలసినది ఆమె సొంత అక్కను గూర్చి. ఆమె నమ్మకపోవచ్చును. అక్కను కాపాడుదమని అనవచ్చును. మాట కలుపుకొనుటకు సప్పీరాకున్న కారణములకంటె ఆమెకు ఎక్కువ కారణములుండెను. వెలుగు రాగానే, దారిలో బ్రేడీ ఎదురగునేమోనని ఒక కత్తియు ఒక స్క్రూడ్రైవరును పట్టుకొని, ఇద్దరును కలిసి వీధిలోని టెలిఫోనుకు పోయి పోలీసులను పిలిచిరి. వారు పిలువకున్నచో ఆరవ బిడ్డ ఎవరో దేవునికే ఎరుక.

వారికి దక్కిన ఫలమేమనగా, నీవును చంపినవాడవేనని జనులు అతనిని నిందించిరి. వీధులలో వారిపై దాడి చేసిరి. స్మిత్ పరిశుద్ధుడని నేననను. తరువాత కత్తిపోటు నేరమునకు చెరసాలకు పోయెను. ఆ కాపురమును నిలువలేదు. అయినను ఆ ఒక్క తెల్లవారుజామున వారు దంపతులుగా నుండిరి. వివాహ ఆరాధనలో నేను జంటలను నిలువబెట్టి ఐకమత్యముగా నుండుడని ఎన్నిసార్లో చెప్పితిని. దేనియందు ఐకమత్యమని చెప్పుట మరచితిని. అననీయ, సప్పీరాలు చక్కని ఐకమత్యముగల దంపతులు.

నా సంగతి ఒకటి చెప్పి ముగింతును. అరుగుమీద విన్న మరునాడు పుస్తకము పంతులుగారినడిగి తెచ్చుకొంటిని. ప్రసంగమునకు పనికివచ్చునని నాకు నేను చెప్పుకొంటిని. రెండు రాత్రులు చదివితిని. ప్రసంగమునకు పనికిరాని పుటలనే ఎక్కువ ఆశతో చదివితినని ఒప్పుకొనుచున్నాను. రెండవ రాత్రి నా భార్య లేచి వచ్చి, “ఏమండీ, ఇంకా పడుకోలేదా? ఏమిటా చదువు?” అని అడిగెను. నేను రోమా పత్రిక వ్యాఖ్యానము దానిమీదికి లాగి, ఆదివారపు పాఠమంటిని.

ఆమె వెళ్లి పడుకొనెను. నేను పుట త్రిప్పితిని. ఆ హత్యలకు సాక్ష్యమైన పెట్టెలు మంచెస్టరు రైలు స్టేషనులో దాచబడియుండెను. వాటి రసీదు పోలీసులకు దొరికిన చోటు మైరా హిండ్లీ ప్రార్థన పుస్తకము. దాని వీపులో చుట్టి దూర్చియుండెను. ఆ మాట చదివి, నా బల్లమీదనున్న వ్యాఖ్యానమును చూచితిని.

ఆమెను లేపి చెప్పితిని. కోపపడునని తలంచితిని. ఆమె ఆ ఇద్దరినిగూర్చి ఒక్క మాటయైనను అడుగలేదు. “ఆ పిల్లల పేర్లేమిటండీ?” అనెను. రెండు రాత్రులు చదివిన నాకు హంతకుల పేర్లు నోటికి వచ్చెను గాని పిల్లలవి రాలేదు. దీపము వెలిగించి వెదకవలసివచ్చెను. నాకు దొరకని రెండింటిని పిమ్మట పంతులుగారిచేత తెలిసికొంటిని. పౌలీన్ రీడ్, జాన్ కిల్‌బ్రైడ్, కీత్ బెన్నెట్, లెస్లీ ఆన్ డౌనీ, ఎడ్వర్డ్ ఎవాన్స్. వారిలో కీత్ 12 ఏండ్లవాడు, 1964 జూన్‌లో అమ్మమ్మ ఇంటికి పోవుచుండగా తప్పిపోయెను. వాని తల్లి ఆ బీడులో కుమారుని ఎముకలకై వెదకి వెదకి 2012లో చనిపోయెను. అవి నేటికిని దొరకలేదు.

ఈ సంగతి చెప్పగా నా భార్య చాలసేపు ఊరకుండెను. పిమ్మట, “ఆమె పేరు కూడ వ్రాయండి,” అనెను. విన్నీ జాన్సన్.