కొండపండ్లు – కుండలోని విషము

పఠనము: 2 రాజులు 4:38-41



వేసవి వచ్చినదనగా శేషాచలము క్రింది మన పల్లెల పిల్లలకు పండుగ. తలకోన వైపునను భాకరాపేట వైపునను పసులు కాచువారి ఒడులు కలేపండ్లతో నిండును. ఈతపండ్లు, బలుసుపండ్లు, ఆ వెనుక నేరేళ్లు. సంక్రాంతి నాటికి రేగుపండ్లు. పొయ్యి వెలిగింప నక్కరలేదు, కాసు ఇయ్య నక్కరలేదు. విత్తినవాడు లేడు, నీరు కట్టినవాడు లేడు; అయినను మన పరలోకపు తండ్రి వాటిని వాటి కాలమందు పండించుచున్నాడు.

బ్రతికియుంటే బలుసాకు తినవచ్చునని మన పెద్దలు ఊరక చెప్పలేదు. చిత్తూరు, చంద్రగిరి ప్రాంతములు ఉత్తర ఆర్కాటు జిల్లాలో చేరియున్న దినములలో, 1876-78 సంవత్సరముల గొప్ప కరవునందు, ఆకులలములు తిని ప్రాణము నిలుపుకొన్నవారు ఎందరో. కాబట్టి కొండతిండి తక్కువతనమని ఎవరును సిగ్గుపడ నక్కరలేదు. ప్రభువు శిష్యులును ఆకలిగొని వెన్నులు త్రుంచి పచ్చివే తినిరి (మత్తయి 12:1).

అయితే గిల్గాలులో జరిగినది చూడుడి. కరవుకాలమున ఒకడు కూరాకులకై పొలమునకు పోయి, ఎరుగని తీగెకాయలు ఒడినిండ తెచ్చి కుండలో తరిగి వేసెను. అవి మన పాపరకాయల వంటివని పండితులనేకులు తలంచుచున్నారు. ఇందు మూడు సంగతులు ఆలోచింతము.

మొదటిది: అతడు దుష్టుడు కాడు. ఆకలిగొన్న సహోదరుల కొరకే తెచ్చెను. మంచి మనస్సు మాత్రము చాలలేదు, ఎరుక కావలసియుండెను. ఉడికినను ఆ కాయల కీడు పోలేదే! పచ్చిగా తినువారికి మరెంత జాగ్రత్త కావలెను? ముష్టిపండు నారింజవలె మురిపించును, దాని గింజ ప్రాణాంతకము. గురివింద గింజ ఎంత అందము! నమిలి మ్రింగిన, కొన్ని గంటలవరకు బాధ తెలియకనే చంపగలదు. పిట్ట తిన్నదని మనము తినరాదు. గుడిలో వెనుక చాపమీద కూర్చుండు అవ్వను అడుగుడి. ఆమె చదువుకొనలేదు గాని, ఏ చెట్టు ఎట్టిదో ఎరుగును. ఆమె ఉండగానే పిల్లలను వెంట పంపి నేర్పింపుడి. ఆమెయు ఎరుగని పండు నోట పెట్టకుడి.

రెండవది: తిన్నవారు మొగమాటపడక కేకవేసిరి. మన పిల్లలు దెబ్బలకు వెరచి దాచుదురు. తల్లులారా, కొట్టకుడి. ఏమి తిన్నాడో అడిగి, ఆ కాయనో ఆకునో చేతబట్టుకొని వెంటనే ఆసుపత్రికి పొండి. పిండి వేసినవాడు ప్రవక్త. ఆ అద్భుతమును మనము ఇంట పరీక్షింపరాదు.

మూడవది: ఆ మనుష్యుని ఎవరును వెలివేసినట్లు వ్రాయబడలేదు. ఎలీషా కుండను పారబోయింపలేదు. బాగుచేసి, జనులకు వడ్డింపుమనెను. తెలియక తప్పిన సహోదరుని మనము చూచు విధము ఇదియేనా? ఒక్క తప్పునకు ఏండ్ల తరబడి పంక్తికి దూరముచేసిన ఇండ్లు మన సంఘములలో లేవా? ఈ మాసమున అట్టి యొకనిని మీ ఇంటికి పిలిచి అన్నము పెట్టుడి.

ప్రార్థన: తండ్రీ, కొండను మాకు పంటపొలముగా చేసితివి. మంచిచెడ్డలు ఎరుగు బుద్ధిని, అడుగుటకు వినయమును, క్షమించు హృదయమును మాకు దయచేయుము. ఆమేన్.