పంక్తిలో చోటు

మా తల్లికి ఎనుబదియేండ్లు నిండినవని గడచిన జనవరి 1వ తేదీన మా పిల్లలు నిర్ణయించిరి. నిర్ణయించిరనుటకు కారణము కలదు. ఆమె పుట్టిన తిథిగాని తేదీగాని యెఱిగినవారు నేడెవరును లేరు. 1948లో రజాకార్ల యలజడికి జడిసి మా మాతామహుల కుటుంబము మానేరు దాటి చుట్టముల పల్లెకు పోయినప్పుడు ఆమె చంకబిడ్డ కాదు, చేయిపట్టుకొని నడిచిన పిల్లయట. అంతకు మించి ఆధారము లేదు. ఆధార్ కార్డు వ్రాయ వచ్చినవాడు వయస్సడిగి, సంవత్సరము లెక్కగట్టి, నెలను దినమును జనవరి 1 అని వేసికొనెను. మా వీధిలోనే ఆ దినమున పుట్టిన వృద్ధులు మఱి నలుగురు కలరు. బడికిపోయిన మాబోటివారి తేదీలును పంతులుగారి సౌకర్యమునుబట్టి పడినవే గనుక వారిని జూచి నవ్వు నధికారము మాకు లేదు.

పురుడు, ఇరువదియొకటవ దినము, పుట్టువెండ్రుకలు మా పల్లెలవారికి తెలిసిన వేడుకలే. ఏటేట పుట్టినరోజును లెక్కించుట మాత్రము నిన్న మొన్నటి యలవాటు. లెక్కించిన యిండ్లలోను మొదట లెక్కకు వచ్చినవారు మగపిల్లలు. ఇంటి పెద్ద యిల్లాలికి పుట్టినరోజు చేయుట యనునది మా యింట నిదియే ప్రథమము. నైజాము రాజ్యమున పుట్టి, ఊరు కదలకుండగనే హైదరాబాదు రాష్ట్రమును, 1956లో ఆంధ్రప్రదేశమును, 2014లో తెలంగాణమును చూచినది. 2016లో కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలు ముక్కలైనప్పుడు జిల్లా పేరును మార్చుకొన్నది. ఇన్ని చూచినదానికి తన పేర నొక విందును చూచుటకు ఎనుబదియేండ్లు పట్టినది.

విందు ఇంటిలో కాక హైదరాబాదులోని యొక స్పానిష్ భోజనశాలలో జరిగినది. మా యన్నగారి మనుమరాలు చదువునకై ఒక యేడాది స్పెయిన్‌లో నుండి వచ్చినది; నానమ్మకు ఆ దేశపు వంట రుచి చూపవలెనని దాని కోరిక. అన్నగారు మొదట నొప్పుకొనలేదు. ఇంట నింతమంది చేతులుండగా తల్లికి పరాయివాని చేతి యన్నమును కొని పెట్టుదుమా, ప్రేమను రసీదు మీద వ్రాయించుకొందుమా యని యాయన వాదము. ఈ వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. అన్నమమ్ముకొనుట తప్పని మన పెద్దలనుకొన్న కాలము కలదు. అయినను అమ్మినవారును కొన్నవారును ఆ కాలమునను ఉండిరి. ఓరుగంటిలో రూకయిచ్చి తృప్తిగా భుజించు పూటకూటియింటిని క్రీడాభిరామము వర్ణించియే యున్నది. బాటసారికి అది తప్పదు, ఇల్లున్నవాని కేల యని అన్నగారు మరల ప్రశ్నించిరి. ఆ ప్రశ్నకు మనుమరాలు, “ఇంట్ల చేస్తే వండేటోళ్లు ఎవరు తాతా?” అని మాత్రము అనెను. ఆయన మఱి మాటాడలేదు.

మా భోజనపు వివరము కొంచెము చెప్పక తప్పదు. నడుమ నొక వెడల్పైన లోతులేని పెనము తెచ్చి పెట్టిరి. కుంకుమపువ్వు వేసి, కోడిమాంసముతోను చిక్కుళ్లతోను ఉడికించిన బియ్యము. దాని పేరు పాయేయా. వాలెన్సియా ప్రాంతపు భాషలో ఆ మాటకు పెనమనియే యర్థమట. ఇది వినగానే మా తల్లి, “మన సర్వపిండి తీరుగనేనా?” అనెను. సర్వ యను గిన్నె లోపల పిండిని ఒత్తి కాల్చుటచేతనే మన సర్వపిండికి ఆ పేరు వచ్చినదిగదా. రెండు దేశముల పేదయిండ్లలో వంటకు పాత్ర పేరే పేరైనది. అన్నగారు మాత్రము ఇది పరదేశపు తిండి, మన యొంటికి పడదు అని గొణుగుచునే యుండిరి. ఆయన ప్రతిదినము తిను మిరపకారము, మక్కగటక, సర్వపిండిలోని పల్లీలు, పప్పులోని టమాట — ఇవి యన్నియు 1492లో కొలంబసు స్పెయిన్ రాణి పంపున అమెరికాకు దారి కనుగొనిన తరువాతనే సముద్రములు దాటి మనకు చేరినవి. అటు పోయినవియు కలవు. మన నారింజ అరబ్బుల వెంట స్పెయిన్‌కు పోయి అచ్చట ‘నరంజ’ యైనది. అక్కడ వరిని నాటినవారును అరబ్బులే. ఏ దేశపు పళ్లెము ఆ దేశపుదేనని చెప్పుకొనుటకు వీలులేదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

పెనమడుగున బియ్యము పట్టుకొని ఎఱ్ఱగా మాడిన పొర యొకటి యుండును. స్పెయిన్‌వారు దానిని మిక్కిలి రుచియైన భాగముగా నెంచి పంచుకొందురట. వడ్డించు కుర్రవాడు ఆ పొరను గరిటెతో గీరి మొదట మా తల్లి పళ్లెములో వేసెను. ఆమె దానిని కొంతసేపు చూచి, “గీ మాడు గూడ పైసలకు అమ్ముతున్నరా? ఇంట్ల ఇది ఎప్పుడు నా వంతే గదా!” అనెను. అందఱును నవ్విరి. నేనును నవ్వితిని. నవ్వుచుండగనే నాకొక సంగతి తోచి నవ్వాగిపోయినది. మా తల్లి భోజనము చేయుచుండగా నేనెన్నిమార్లు చూచితిని? వడ్డించుట చూచితిని, గిన్నెలు కడుగుట చూచితిని. మేము లేచిపోయిన తరువాత వంటింటి మూల గోడకానుకొని, అడుగంటిన దానిని మజ్జిగతో కలుపుకొని తినుట తొంగిచూచినప్పుడెప్పుడో కనబడినది. వేడి యన్నము ముందర మాతో సమముగా కూర్చుండి ముద్దయెత్తగా చూచుట నా యఱువదేండ్ల జీవితములో అదియే మొదటిసారి యని చెప్పుకొనుటకు సిగ్గుపడుచున్నాను. తల్లి కడపట తినుట త్యాగమని పుస్తకములలో చదివితిమి. అది త్యాగమో, మఱి చోటు లేకపోవుటయో ఆమెనెవరును అడిగినవారు లేరు.

ఇంతవఱకు నది మా యింటి సంగతి. ఆ బల్ల వద్ద మఱియొక స్త్రీయు నుండెను. మా తల్లికి మోకాళ్ల నొప్పులు; చేయిపట్టి నడిపించుటకు, మా యింట ముప్పది యేండ్లుగా పనిచేయుచున్న యామెను వెంట తీసికొని పోతిమి. మా తల్లికి జబ్బుచేసి మంచము పట్టిన ఆఱు నెలలును ఆమెయే పసిపాపను సాకినట్లు సాకినది. ఆమె చేతి నీరు త్రాగి మా తల్లి బ్రతికినది. అయినను ఆమె తిను పళ్లెము, త్రాగు లోటా మా వెనుకటి వసారా గూటిలో వేఱుగా నుండును. ఎవరు పెట్టిరో, ఎప్పుడు పెట్టిరో మాకు తెలియదు. ఎవరును తీయలేదని మాత్రము తెలియును.

భోజనశాలలో కుర్రవాడు అందఱికి లాగినట్లే ఆమెకును కుర్చీ లాగెను. ఆమె నిలుచుండిపోయినది. మాలో నొక్కరును మాటాడలేదు. అన్నగారు నీళ్ల గ్లాసును సరిచేసికొనుచుండిరి, నేను పిల్లల కేదియో చెప్పుచున్నట్లు నటించితిని. మా తల్లి, “కూసో” అనెను. ఆమె కూర్చున్నది. ఒకే పెనములోని యన్నము పదునొకండుగురము తింటిమి.

ఇచ్చట విచారింపదగిన ప్రశ్న పుట్టుచున్నది. ఆ కుర్చీని లాగినది ధర్మబుద్ధియా, ధనమా? ధనమే యనుటలో సందేహము లేదు. ఆ పూట బిల్లు ఆమె రెండు నెలల జీతమును మించినది. మేము వెంట లేక ఆమె యొక్కతెయే వచ్చియుండిన తలుపువద్ద జవాను లోపలికి రానిచ్చెడివాడు కాడేమో. డబ్బున్నవానికి తెఱచుకొను తలుపు లేనివానికి మూసికొనును. దీనిని సమానత్వమని పొగడుట మోసపోవుటయే. ఇది యొక పక్షము. రెండవ పక్షము కూడ చూడవలెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము, 15వ అధికరణములో, దుకాణములలోనికి, హోటళ్లలోనికి పోవుటకు కులము అడ్డు కాగూడదని శాసించినది. 17వ అధికరణము అంటరానితనమునే రద్దు చేసినది. 1955 చట్టము శిక్షను జోడించినది. హోటలువాడు మనసున నేమనుకొన్నను చట్టమునకు తలయొగ్గవలెను. మా వెనుకటి వసారాలోనికి మాత్రము ఏ తనిఖీదారును రాడు. అందుచేత లాభమునకై నడచు నంగడి ఆమెకిచ్చిన చోటును, ప్రేమకు నిలయమని చెప్పుకొను మా యిల్లు ముప్పది యేండ్లలో నీయలేదు.

మనస్సు మాఱక పంక్తి మాఱిన ప్రయోజనమేమని కొందఱు సంస్కర్తలే యందురు. నాకీ మాట సమ్మతము కాదు. నిలుచున్నవానికి ముందుగా కావలసినది కూర్చుండుటకు చోటు; కూర్చుండబెట్టినవాని మనస్సు నెమ్మదిగా శుద్ధియగునుగాక. మనసు మాఱువఱకు ఆగుడనువాడు ఎల్లప్పుడును కూర్చున్నవాడే యగుట గమనింపుడు.

ఇల్లు బంధువులది, బంధువుల పంక్తిలో పరులకు చోటుండకపోవుట యవమానము కాదుగదా యను నాక్షేపము కూడ కలదు. ఆదిలాబాదు సీమలో, ఇంద్రవెల్లి దగ్గఱి కేస్లాపూరున, పుష్యమాసపు టమావాస్యకు గోండులలోని మెస్రం వంశమువారు నాగోబా జాతర చేయుదురు. వంశమునకు క్రొత్తగా వచ్చిన కోడండ్రను ఆ దేవుని యెదుటికి తెచ్చి పరిచయము చేయుదురు. దానిని భేటింగ్ అందురు. వారిదియు వంశపు పంక్తియే, పరులకు హద్దుకలదే. కాని ఆ హద్దును దాటించుట కొక విధి కలదు. మా యింట ఆమెను దాటించుటకు విధి లేదు, దాటించవలెనను తలంపును లేదు.

మా తాతగారు 1935లో మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతన సిరిసిల్లలో జరిగిన నాలుగవ ఆంధ్ర మహాసభకు ఎడ్లబండి మీద పోయివచ్చినట్లు గర్వముతో చెప్పెడివారు. వెట్టిచాకిరిని గూర్చియు, స్త్రీవిద్యను గూర్చియు ఆ సభలు చర్చించిన కాలమది. ఆ గర్వము మాకును సంక్రమించినది. వసారాలోని గూడు కట్టించినది కూడ ఆయనయే.

పల్లెకు తిరిగివచ్చిన మఱునాడు మధ్యాహ్నము చూతునుగదా, ఆమె తన పళ్లెము తీసికొని వసారాలో కూర్చున్నది. లోపలికి వచ్చి మాతో తినుమంటిని. ఆమె తల యెత్తకుండగనే, “అది ఓటలు పటేలా. ఆడ పైసలిచ్చినోళ్లందరు కూసుంటరు. ఇది ఇల్లు గదా” అనెను. నేను మఱియొకమాఱు పిలువలేదు. ఆమె యిష్టమును మన్నించి పిలువలేదో, పిలిచిన వచ్చునేమో యని పిలువలేదో ఇప్పటికిని తేల్చుకొనలేకున్నాను. మా కోడలు ఆ పూట గిన్నె యడుగును గీరి మాడును తెచ్చి మా తల్లి ముందర పెట్టినది. ఆమె అందులో సగము తీసి, గోడ పట్టుకొని మెల్లగా నడచి, వసారాలోనికి పోయినది.

వచ్చే జనవరికి ఏ హోటలునకు పోవలెనని పిల్లలు ఇప్పుడే తర్కించుకొనుచున్నారు. ఈసారి ఇంటిలోనే చేయుడని మా తల్లి చెప్పినది. వండుట కెవరు, తెచ్చుట కెవరు అని లెక్కలు నడచుచున్నవి. ఎవరెచ్చట కూర్చుందురని ఇంకను ఎవరును అడుగలేదు.