కంది గింజ చచ్చిపోయిందా?



గుడివాడ వైపు నుండి వచ్చి బీదరులో స్థిరపడిన మాకు కంది పైరు కొత్త. అక్కడ వరి కోసిన చేలల్లో మినుము, పెసర. ఇక్కడ తొలకరికి కంది, సోయా. మొన్న జూన్ నెలలో పిల్లలకు చూపుదామని రెండు పాత డబ్బాలలో మట్టి నింపి, ఒకదానిలో కంది, ఇంకొకదానిలో సోయా గింజలు వేశాము.

గింజను నానబెట్టి పొట్టు తీస్తే రెండు బద్దలు. మనం పప్పు వండుకునేది ఆ బద్దలనే. వాటిని బీజదళములు అంటారు. వాటి నడుమ ఒక మూలన బుల్లి మొలక ఉంటుంది. దానికి ఒక కొస వేరు, ఇంకొక కొస కాండము. బద్దలు చేసినప్పుడు అది దెబ్బతింటుంది గనుకనే పప్పు మొలవదు. తడి తగిలితే గింజ ఉబ్బి, పొట్టు చిట్లి, ముందుగా వేరు దిగుతుంది. బద్దలలో దాచిన పిండిపదార్థము చక్కెరగా మారి మొలకకు అందుతుంది. ఆకులు ఎండలో స్వంతంగా ఆహారము చేసుకునే వరకు ఇదే దాని కూడు.

సోయా బద్దలు నేలపైకి లేచి పచ్చబడి అందరికీ కనిపించాయి. (మన మినుము కూడా ఇంతే.) కంది బద్దలు మట్టిలోనే ఉండిపోయాయి. ఒక మొక్కను పెరికి చూపిస్తే, ముడతలుపడిన ఆ బద్దలను చూసి మా చిన్నవాడు "గింజ చచ్చిపోయిందా?" అన్నాడు.

యోహాను సువార్త 12వ అధ్యాయములోని గోధుమగింజ జ్ఞాపకం వచ్చి, అవునని చెప్పబోయి ఆగాము. నిజంగా చచ్చిన గింజ కుళ్ళుతుంది, మొలవదు. ఇక్కడ ప్రాణము మొక్కలోనికి సాగింది. ఖాళీ అయినవి బద్దలే. ప్రభువు చెప్పినది వ్యవసాయ పాఠము కాదు గనుక ఇందులో తగవు లేదు.

మమ్మల్ని కలవరపెట్టినది వేరు. మేము నెలనెలా పంపిన డబ్బును ఊళ్ళో అమ్మ ముట్టుకోలేదనీ, మా పిల్లల పేర పోస్టాఫీసులో వేస్తూ, తాను మిషను కుట్టుకుని బ్రతుకుతోందనీ ఈ మధ్యనే తెలిసింది. "తల్లి అంటే అంతే, అది ప్రకృతి" అని ఒక పెద్దాయన ఓదార్చారు. మాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. కంది బద్దకు ఇవ్వకుండా ఉండే వీలు లేదు; మొలక దానికి బాకీ పడదు. అమ్మకు ఆ వీలున్నది. ఉండి కూడా ప్రతి నెలా ఇచ్చింది. ప్రకృతి అనేస్తే ఆమె ఇచ్చినది ఆమెది కాకుండా పోతుంది, మన బాకీ కూడా సులువుగా కొట్టివేయబడుతుంది. మరి తీర్చేదెలా? డబ్బు పంపితే మళ్ళీ అదే పోస్టాఫీసుకు పోతుంది. ఇక్కడికి రమ్మంటే ఇంటినీ సంఘాన్నీ వదలి రానంటున్నది.

పిల్లల సెలవులకు గుడివాడకు టిక్కెట్లు తీశాము. నాయనమ్మ పెరట్లో వేయడానికి నాలుగు కంది గింజలు మూటకట్టమని చిన్నవాడు రోజూ గుర్తుచేస్తున్నాడు.