గడిచిన కాలమే సాక్ష్యమైతే

కన్నవాళ్ల దగ్గర్నుంచి బిడ్డను తీసుకుపోయే అధికారం ప్రభుత్వానికి ఉండాలా అంటే, ఉండాలనే అంటాను. 2000లో లండన్‌లో విక్టోరియా క్లింబీ అనే ఎనిమిదేళ్ల పాప, పెంచుతామని తెచ్చుకున్నవాళ్ల చేతుల్లోనే చనిపోయింది. ఒంటి మీద 128 గాయాలు. సంక్షేమ సిబ్బంది, పోలీసులు, డాక్టర్లు అందరూ ఆ పాపను చూసినవాళ్లే. ఎవరూ అడ్డుపడలేదు. తర్వాత విచారణ జరిగింది, చట్టం మారింది.

తీసుకుపోకపోవడం తప్పయితే ఆ తప్పు ఒకనాటికి శవమై బయటపడుతుంది. మరి తీసుకుపోవడమే తప్పయితే? బిడ్డ వేళకు తింటుంది, బడికి పోతుంది. తప్పు ఎవరి కంటా పడదు. పైగా రోజులు గడిచేకొద్దీ అదే ఒప్పులా కనిపించడం మొదలవుతుంది. నన్ను కలవరపెట్టేది ఇదే.

నార్వేలో 2008లో పుట్టిన ఒక బాబు సంగతి చూడండి. బరువు పెరగడం లేదు, తల్లికి చూసుకోవడం చేతకావడం లేదని మూడు వారాల పసికందును పెంపుడు ఇంటికి పంపారు. తల్లి వచ్చి చూడటానికి చివరికి మిగిలింది ఏడాదికి నాలుగుసార్లు, సారికి రెండు గంటలు. అదీ అధికారుల ఎదుట. మూడేళ్లకు, బాబు పెంచినవాళ్లకే అలవాటు పడ్డాడు కాబట్టి దత్తత ఇచ్చేయవచ్చన్నారు. తల్లికి అలవాటు కాకుండా చేసిందెవరు? ఈలోగా ఆమె పెళ్లి చేసుకుంది, ఇంకో బిడ్డను కని తన దగ్గరే పెంచుకుంటోంది. అయినా ఆమె పెంచగలదా లేదా అని నిపుణుల చేత కొత్తగా పరీక్ష చేయించలేదు. 2019 సెప్టెంబరు 10న ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 13–4 ఓట్లతో నార్వేదే తప్పని తేల్చింది. అప్పటికి బాబుకు పదకొండేళ్లు నిండబోతున్నాయి.

2011లో అదే నార్వేలో ఒక బెంగాలీ దంపతుల పిల్లల్ని తీసుకుపోయినప్పుడు, చేత్తో అన్నం తినిపించడం కూడా నేరమా అని మన దేశమంతా మండిపడింది. సంస్కృతుల మధ్య గొడవ అనుకున్నాం. కానీ పైన చెప్పిన తల్లి అక్కడి మనిషే, అక్కడి అలవాట్లలో పెరిగినదే. ఆమెకూ అదే గతి పట్టింది.

మన దగ్గర 2015 నాటి బాలల న్యాయ చట్టం ఉంది. రక్షణ అవసరమైన బిడ్డను 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందుకు తేవాలి, హోము ఆఖరి మార్గం కావాలి అంటుందది. మంచి మాటలే. కానీ ఆ బిడ్డ తల్లి రోజుకూలీ అయితే, ఒకసారి చూసి రావడానికి ఒక రోజు కూలీ పోతుంది, బస్సు చార్జీలు పోతాయి. రెండు నెలలు రాలేకపోయిందనుకోండి, ‘తల్లి పట్టించుకోవడం లేదు’ అని ఫైల్లో ఒక ముక్క పడటానికి ఎంతసేపు? ఆమెకు బస్సు చార్జీలు ఇప్పించారా అన్నది ఏ ఫైల్లో ఉంటుంది?

బిడ్డ ఇంటికి ఎందుకు రాకూడదో కన్నవాళ్లు కాదు, తీసుకుపోయినవాళ్లు చెప్పాలి. ఒకసారి చెప్పి ఊరుకోకూడదు, గడువు పెట్టుకుని మళ్లీ మళ్లీ చెప్పాలి. తల్లి రాలేదని రాసే ముందు, రావడానికి తాము చేసిన సాయం ఏమిటో రాయాలి.

కమిటీల పనిని కలెక్టరు మూడు నెలలకోసారి సమీక్షించాలని చట్టంలోనే ఉంది. మీ జిల్లాలో హోముల్లో ఉన్న పిల్లలు ఎంతమంది, అందులో ఇళ్లకు తిరిగి వెళ్లినవాళ్లు ఎంతమంది అని ఈసారి సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. పిల్లల పేర్లు అక్కర్లేదు, లెక్క చాలు.