కాయకము – సంస్థా ధర్మము

గృహమునకు ఆచారమెట్టిదో సంస్థకు సంస్కృతి అట్టిది. భవనములు, యంత్రములు, లెక్కల పుస్తకములు కంటికి కనబడును. ఎవ్వరును చూడనివేళ అందలి మనుష్యులు ఎట్లు ప్రవర్తింతురో అది కనబడదు. కాని సంస్థ నిలుచుటకును కూలుటకును ఆ కనబడనిదియే కారణమగుచున్నది. ఈ సంస్కృతి వ్రాసియుంచిన నియమములలో నున్నదా, లేక పెద్దల నడవడిలో నున్నదా యనునది విచారింపదగిన ప్రశ్న.

నియమములే చాలునని తలచువారికి హైదరాబాదు నగరమున జరిగిన ఒక ఉదంతము సమాధానము చెప్పును. 1987లో స్థాపింపబడిన సత్యం కంప్యూటర్స్ సంస్థ దేశదేశముల ఖ్యాతి గడించినది. 2008 సెప్టెంబరులో సుపరిపాలనకై అంతర్జాతీయ పురస్కారమును సైతము పొందినది. నాలుగు మాసములు తిరుగకమునుపే, 2009 జనవరి 7వ తేదీన, దాని వ్యవస్థాపకుడే లేఖ వ్రాసి, లెక్కలలో చూపిన ధనములో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని ఒప్పుకొనెను. మొదట స్వల్పముగా నున్న వ్యత్యాసము ఏటేట పెరిగి అదుపు తప్పినదని ఆ లేఖయే తెలిపినది. 2015 ఏప్రిల్ మాసమున హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము పదిమందిని దోషులుగా నిర్ణయించినది. ఆ సంస్థకు నియమావళి లేకపోలేదు. డైరెక్టర్లు, ఆడిటర్లు, పురస్కారము, అన్నియు నుండెను. పేరే సత్యము. లేనిది ఒక్కటే: పేరునకు తగిన నడవడి.

బసవేశ్వరుడు కల్యాణ నగరమున బిజ్జలుని భండారి. రాజధనమును జంగములకు పంచిపెట్టుచున్నాడని కొందరు ఆయనపై నేరము మోపిరి. బసవేశ్వరుడు భాండాగారమును లెక్కింపజేయగా ధనము తక్కువ కాలేదని పాలకురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పినాడు. అందలి మహిమను భక్తులు భక్తితో గ్రహింతురు. అందు లౌకిక ధర్మమొకటి కూడ కలదు. లెక్క అడిగినవానిని శత్రువుగా భావింపక, లెక్క చూపుటకు వెనుదీయక నిలుచుటయే అధికారికి శోభ. మొదటి సంవత్సరపు చిన్న లోటును దాచినవాడు పదవ సంవత్సరపు పెద్ద లోటునకు బానిస యగును.

వ్యాపారము లాభము కొరకు, ధర్మము మఠముల కొరకు అని కొందరందురు. ఈ విభజన నిలువదు. జంషెడ్‌పూరులోని టాటా ఉక్కు కర్మాగారమున 1912లోనే ఎనిమిది గంటల పనిదినము అమలులోనికి వచ్చినది. 1920లో భవిష్యనిధి, 1928లో ప్రసూతి సౌకర్యము ఏర్పడినవి. దేశమంతటికిని వర్తించు భవిష్యనిధి చట్టము 1952లోను, ప్రసూతి సౌకర్య చట్టము 1961లోను వచ్చినవి. చట్టము అడుగకమునుపే చేయబడిన ఈ మేళ్లవలన ఆ కర్మాగారము చెడిపోలేదు. శతాబ్దము దాటియు నిలిచియున్నది. అయినను ఇదంతయు యాజమాన్యపు ఔదార్యమే యనుట సత్యము కాదు. 1920, 1922, 1928 సంవత్సరములలో అచట సమ్మెలు జరిగినవి. పైవారి మనస్సును క్రిందివారి నోరును రెండును కలిసినప్పుడే మేలు స్థిరపడును.

ఇచ్చటనే కఠినమైన ప్రశ్న యొకటి యెదురగును. తప్పును చూచిన చిన్న గుమాస్తా ఏమి చేయవలెను? చెప్పినచో జీతము పోవును; ఇంట పిల్లలున్నారు. చెప్పకున్నచో పాపములో పాలు పంచుకొన్నవాడగును. అతని మౌనమును తేలికగా నిందించుట న్యాయము కాదు. పూర్తిగా నిర్దోషమనుటయు న్యాయము కాదు. కాని నిజము చెప్పుటను అపాయకరముగా చేసినవాని దోషము, భయపడి ఊరకున్నవాని దోషముకంటె అనేక రెట్లు పెద్దది.

ఆయ్దక్కి మారయ్య దంపతుల కథ ఈ చిక్కును విప్పును. నేలపై రాలిన బియ్యపు గింజలను ఏరుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు అవసరమునకు మించి తెచ్చెను. భార్య లక్కమ్మ దానిని అంగీకరింపక, ఎక్కడనుండి తెచ్చినారో అక్కడనే వేసి రండని మరలించెను. చెప్పిన లక్కమ్మ ఎంత గొప్పదో, విని మరలిన మారయ్యయు అంత గొప్పవాడు. అతడు కోపించి యుండినచో ఆ యింట మరుసటి దినమునుండి నిజము పలుకబడి యుండెడిది కాదు. అనుభవ మంటపమున పడవ నడుపు చౌడయ్య, బట్టలుతుకు మాచయ్య మొదలగువారికి మాటలాడు హక్కు గలుగుటలోని అంతరార్థమును ఇదియే. అచట పదవి చూచి మాటకు విలువ కట్టలేదు.

కావున సంస్థా ధర్మమునకు మూలములు మూడు. కాయకము మొదటిది: పైవాడైనను క్రిందివాడైనను తన పనిని ఎవ్వరు చూడకున్నను శుద్ధముగా చేయుట. లెక్క రెండవది: అడిగినప్పుడు విప్పి చూపుట, తప్పున్నచో తొలినాడే ఒప్పుకొనుట. దాసోహము మూడవది: లాభమును తనదిగా గాక తనకు అప్పగింపబడినదిగా తలచి, దానికై చెమటోడ్చినవారి పాలు ముందు తీయుట. మొదటి రెండును లేక మూడవదానిని మాత్రము ఆచరించువాడు అన్యాయార్జితముతో అన్నదానము చేసినవాడగును. అది దాసోహము కాదు.

ఈ మాట పెద్ద కంపెనీలకు మాత్రమే చెప్పినది కాదు. నలుగురు పనివారున్న బట్టల దుకాణమునకును, సహకార సంఘమునకును, మఠములు నడుపు పాఠశాలలకును, వసతి గృహములకును ఇది సమానముగా వర్తించును. అట్టి సంస్థను నడుపు పెద్ద ప్రతి సంవత్సరము లెక్కలు ముగించునాడు ఒక్క ప్రశ్న వేసికొనవలెను: “గడచిన ఏడాదిలో నా తప్పును నా యెదుట చెప్పినవారెవ్వరు?” ఒక్కరి పేరైనను స్మరణకు రానిచో తాను తప్పు చేయలేదని పొంగరాదు. తన యింట లక్కమ్మ నోరు మూతబడినదని గ్రహించి, ఆనాడే దిద్దుకొనవలెను.